"స్త్రీధర్మ" పత్రికాచరిత్రము

(మన సంఘ వార్షిక మహాసభయందు మహిళావిభాగమున గావింపబడిన ఉపన్యాసము)



మన వార్షిక మహాసభయందు నాలుగు మాటలు పలుకుమని పెద్దలు నన్ను గోరిరి. స్త్రీవిద్యను గూర్చియో, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియో నేను మాటాడుదునని వారు తలచి యుందురు. అవి రెండును ముఖ్యవిషయములే. కాని వానిని గూర్చి మన సభలలో ప్రతివత్సరమును తీర్మానములు వచ్చుచునే యున్నవి. చప్పట్లును మ్రోగుచునే యున్నవి. నేడు నేనొక పత్రికయొక్క చరిత్రమును మనవి చేయదలచితిని. ఆ పత్రిక పేరు "స్త్రీధర్మ". అది 1918లో మదరాసున పుట్టి 1936లో నిలిచిపోయినది. మన యిండ్లలో నేడా పత్రిక నెరిగినవారరుదు. కాని దానికి పేరుగా నిలిచిన మాట మాత్రము మన యిండ్లలో నేటికిని వినబడుచునే యున్నది.

ఆ మాటను నేను మొదట విన్నది యెక్కడనో చెప్పి, ఆపై పత్రికకథకు వత్తును. నేను ఉన్నత పాఠశాలలో చదువుకొనుచున్న దినములలో మా తాతగారు కాలధర్మము నొందిరి. కొన్ని నెలలకు ఆస్తిపంపకములు వచ్చినవి. మా మేనత్తగారిని అత్తవారింటినుండి పిలిపించి, తండ్రి యాస్తిలో తనకేమియు హక్కులేదని హక్కు విడుదలపత్రము వ్రాయుమనిరి. ఆమె కాదనలేదు. పసుపుకుంకుమల క్రింద నొక పట్టుచీరయు, కొంత రొక్కమును ఇచ్చుటకు నిర్ణయమైనది. చిక్కొక్కటే వచ్చినది. ఆమెకు చదువు రాదు. మా వంటి యింటి యాడుపడుచు సబు రిజిస్ట్రారు కచేరీలో వేలిముద్ర వేయుట చిన్నతనమని పెద్దలు తలచిరి. అందుచేత ఆమెకు సంతకము నేర్పుమని నన్ను నియమించిరి. ఆమె పేరున నాలుగే యక్షరములు. మూడు దినములలో పలకమీద నేర్పితిని. ఆమె వణకుచున్న చేతితో దిద్దుచుండగా, ప్రక్కను గూర్చున్న వృద్ధురాలొకతె "పుట్టింటి పచ్చదనము కోరుటయే స్త్రీధర్మమమ్మా" అని యోదార్చెను. ఏబదియైదేండ్ల స్త్రీకి మా వంశమున అక్షరాభ్యాసము చేయించిన కారణమిది. నేర్పినదానను నేనే. ఆ మాట నాకు నాటినుండియు ముల్లువలె గ్రుచ్చుకొనుచునే యున్నది.

తరువాత చాలకాలమునకు, ఆ మాటనే శీర్షికగా ధరించి దాని యర్థమును మార్చుటకు పూనుకొన్న పత్రిక యొకటి యుండెనని తెలిసికొంటిని. ఆ కథయే నేడు మీకు విన్నవించుచున్నాను.

"స్త్రీధర్మము" నూతనపదము కాదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరున త్ర్యంబకయజ్వ యను పండితుడు "స్త్రీధర్మపద్ధతి" యని యొక సంస్కృత గ్రంథమునే రచించెను. తెల్లవారుజామున మేల్కొనుట మొదలు రాత్రి శయనించుట వరకు గృహిణి చేయవలసిన పనులన్నియు అందు వరుసగా గలవు. భర్తృశుశ్రూషయే స్త్రీకి ప్రధాన ధర్మమని దాని సారము. అనగా స్త్రీధర్మమనగా స్త్రీ ఇతరులకు చేయవలసినది; ఇతరులు స్త్రీకి చేయవలసిన దేమను ప్రశ్న అందు పుట్టలేదు.

మన యాంధ్రదేశమున స్త్రీలకై పత్రికలు ముందే వెలసినవి. 1883లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు "సతీహితబోధిని"ని వెలువరించిరి. 1902లో ఏలూరున సత్తిరాజు సీతారామయ్యగారు "హిందూసుందరి"ని స్థాపించిరి. మొసలికంటి రమాబాయమ్మగారు మొదలగు స్త్రీలు దాని సంపాదకత్వమును వహించిరి. భండారు అచ్చమాంబగారి "ధనత్రయోదశి" యను కథ ఆ 1902వ సంవత్సరముననే అందు వెలువడినది. ఈ పత్రికల ఋణము మన తీర్చుకొనజాలనిది. స్త్రీ చదువవచ్చును, వ్రాయవచ్చును, తన పేరు అచ్చులో జూచుకొనవచ్చును అని నిరూపించినవి యివియే. కాని ఇవి ముఖ్యముగా గృహమునకును సంఘమునకును చెప్పినవి. ప్రభుత్వము నెదుట నిలిచి, చట్టసభలోను ఆస్తిలోను స్త్రీకి భాగమేదియని యడుగుటయే నిత్యకృత్యముగా బెట్టుకొన్న పత్రిక "స్త్రీధర్మ".

దాని మూలము మన రాయలసీమయందే కొంత గలదని చెప్పిన మీరాశ్చర్యపడుదురు. మార్గరెట్ కజిన్స్ అను ఐర్లండు దేశస్థురాలు 1915లో భర్తయగు జేమ్స్ కజిన్స్ తో గూడ భారతదేశమునకు వచ్చినది. ఆమె సంగీతమున పట్టభద్రురాలు. స్వదేశమున స్త్రీలకు ఓటుహక్కు కావలెనని పోరాడి, 1910లో లండనులోని హాలోవే కారాగారమునను, 1913లో ఐర్లండులోని టల్లమూరు కారాగారమునను శిక్ష ననుభవించినది. ఆ దంపతులు మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలయందు పనిచేయుచు అచ్చట నివసించిరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి "జనగణమన" గీతమును ఆంగ్లమున ననువదించినపుడు, ఆ గీతపు బాణీని స్వరబద్ధము చేయుటలో తోడ్పడినది ఈమెయే. ఈ సంగతి మనలో పలువురకు దెలియును. అంతకు రెండు మూడేండ్లకు ముందే ఆ యూరి స్త్రీలను గూర్చి యామె యొక చిన్న సమాజమును నడపినదని మాత్రము తెలిసినవారు కొలదిమందియే. మదనపల్లెలో కొందరు స్త్రీలు ఒకచోట గూర్చుండి తమ కష్టసుఖములు చెప్పుకొనిన ఆ చిన్న కూటమే తరువాతి మహోద్యమమునకు విత్తనము లలో నొకటి.

1917 మే 8వ తేదీన మదరాసులోని అడయారున భారత మహిళాసంఘము స్థాపింపబడినది. అనీబిసెంటమ్మగారు ప్రథమాధ్యక్షురాలు. డొరతీ జినరాజదాస, మార్గరెట్ కజిన్స్, అమ్ము స్వామినాథన్ మొదలగువారు దానికి మూలస్తంభములు. మతభేదము గాని, జాతిభేదము గాని లేక స్త్రీలందరును చేరదగినదిగా దానిని నిర్మించిరి. సంఘమునకు శాఖలు పెరిగినకొలదిని ఒక శాఖవారి పని మరియొక శాఖవారికి దెలియవలసిన యావశ్యకము గలిగినది. అందుకై 1918లో "స్త్రీధర్మ" పుట్టినది. ఆంగ్లమే ప్రధానభాష, తమిళ తెలుగు హిందీ భాషలలోను కొంతభాగము వెలువడుచుండెను. మొదట మార్గరెట్ కజిన్స్, డొరతీ జినరాజదాస మొదలైనవారు సంపాదకభారమును వహించిరి. 1930 తరువాతి దినములలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు ఆ భారమును మోసిరి.

పేరును జూచి పూర్వాచారపరులు సంతసించి యుందురు. విప్పి చూచి తెల్లబోయి యుందురు. అందు శాఖాసంఘముల వార్తలు గలవు, బాలికాపాఠశాలల విషయములు గలవు, ప్రసూతిశిశుపోషణములను గూర్చిన వ్యాసములు గలవు. వీనితోపాటు ఓటుహక్కు, బాల్యవివాహనిషేధము, ఆస్తిహక్కు, ఇతరదేశములయందలి స్త్రీల ఉద్యమములు ననునవియు గలవు. ఈ విషయములన్నియు స్త్రీధర్మమే యని యా పత్రిక వాదము. బిడ్డకు పాలిచ్చుట యెట్లు ధర్మమో, ఆ బిడ్డ చదువుకొను పాఠశాలకు ధనమెంత వెచ్చింపవలెనో నిర్ణయించు సభ్యుని నెన్నుకొనుటయు నట్లే ధర్మమని దాని భావము. పాతపదమును పారవేయలేదు. దానిని ద్వేషింపలేదు. ఇంటి గోడల నడుమ మాత్రమే తిరుగుచున్న దానిని వీథిలోనికిని, కచేరీలోనికిని, శాసనసభలోనికిని నడిపించినది.

ఇక ఓటుహక్కు సంగతి. 1917 డిసెంబరులో భారతదేశ కార్యదర్శి మాంటేగు మదరాసునకు వచ్చినపుడు, మన హైదరాబాదున జన్మించిన సరోజినీనాయుడుగారి నాయకత్వమున స్త్రీల ప్రతినిధివర్గ మాయనను సందర్శించినది. నూతన రాజ్యాంగమున "ప్రజలు" అను మాటకు స్త్రీలును చేరిన యర్థమే యుండవలెనని వారి విన్నపము. ఎంత చిన్న కోరిక! అయినను ఆంగ్లప్రభుత్వము 1919 చట్టమున దానిని నేరుగా నంగీకరింపలేదు. ఆయా రాష్ట్రశాసనసభల యిష్టమునకు విడిచిపెట్టినది. బ్రిటిషు రాష్ట్రములలో మొట్టమొదట ఆ యడ్డంకిని తొలగించినది మన మదరాసు శాసనసభయే. అది 1921లో జరిగినది. ఇందు స్త్రీధర్మ పత్రిక పడిన ప్రయాస సామాన్యము గాదు.

కాని సోదరీమణులారా, ఆ ఓటుహక్కులో నొక మెలిక యున్నది. ఆ కాలమున ఓటు అందరకును లేదు. ఆస్తి యుండవలెను, పన్ను కట్టవలెను. పురుషులకును అదే నియమము. అయితే పురుషుని పేర భూమి యుండును. స్త్రీ పేర నేమున్నది? చట్టము తలుపు తెరచినది. కాని గడప దాటుటకు వలసినది ఆమె చేతిలో లేదు. తనపేర నొక సెంటు భూమిలేని స్త్రీకి ఓటు వచ్చినదనుట, పెరటిలో బావి లేనివానికి చేదత్రాడు బహూకరించుట వంటిది. ఓటుహక్కును గూర్చి మొదలుపెట్టినవారు ఆస్తిహక్కునకు రాక తప్పలేదు. మా మేనత్తగారి పత్రమునకును, మాంటేగుదొరగారికి చేసిన విన్నపమునకును ఈ విధముగా సంబంధము గలదు.

పదేండ్లు గడచిన పిమ్మట ప్రభుత్వమువారు మరియొక యుపాయము గనిపెట్టిరి. ఆస్తిగల పురుషుని భార్యకు, ఆ భర్త యాస్తినిబట్టి ఓటిత్తుమనిరి. స్త్రీసంఘములకిది యొక పరీక్ష. అంగీకరించినచో ఓటర్ల పట్టికలో స్త్రీల సంఖ్య యొక్కసారిగా పెరుగును. అయినను భారత మహిళాసంఘమును, దానితోగూడిన ఇతర మహిళాసంస్థలును 1931లో వయోజనులందరికిని సమానముగా ఓటుండవలెనని యుమ్మడిగా కోరిరి. భార్యయైనందున వచ్చు హక్కు హక్కు గాదనిరి. వారి మాట చెల్లలేదు. 1935 చట్టమున భర్తృసంబంధమైన ఓటే వచ్చినది. కాని వారి వాదమే 1950లో మన రాజ్యాంగమున నెగ్గినది.

ఒక పత్రికలోని వ్యాసము ఎంత పని చేయగలదో చూడుడు. 1926లో వంగదేశ విద్యాశాఖాధికారి యగు ఓటెన్ కలకత్తాలోని బెథ్యూన్ కళాశాలలో ప్రసంగించుచు, బాలికలకు ఎట్టి విద్య కావలెనో స్త్రీలే యేకకంఠముతో చెప్పవలెనని పలికెను. ఆ కళాశాలకు పూర్వము ప్రధానాధ్యాపకురాలుగా నుండిన హ్యూడెకోపర్ అను నామె ఆ పిలుపును గైకొని స్త్రీధర్మలో వ్రాసినది. మార్గరెట్ కజిన్స్ దేశమందలి స్త్రీలకు లేఖలు పంపి, ఎక్కడికక్కడ సభలు చేసికొనుడని కోరినది. 1927 జనవరిలో పూనాయందు అఖిలభారత మహిళాసభ సమావేశమైనది. ఆ సభ పూనికచేతనే 1932లో ఢిల్లీయందు లేడీ ఇర్విన్ కళాశాల వెలసినది. కొన్ని పుటల వ్యాసమునుండి ఒక సభ, సభనుండి ఒక కళాశాల!

ఆ 1926వ సంవత్సరముననే స్త్రీలు శాసనసభాసభ్యత్వమునకు పోటీ చేయుటకు వీలు గలిగినది. మంగళూరున కమలాదేవీ చట్టోపాధ్యాయ నిలిచి, స్వల్పమైన ఓట్ల తేడాతో నోడిపోయిరి. ఓడినను స్త్రీ నిలువవచ్చునని జనులు చూచిరి. ముత్తులక్ష్మీరెడ్డిగారు మదరాసు శాసనసభకు నియమితురాలై, 1927లో దానికి ఉపాధ్యక్షురాలైరి.

ముత్తులక్ష్మీరెడ్డిగారి చరిత్రము ఈ సభవారు విశేషముగా వినదగినది. ఆమె 1886లో పుదుక్కోటలో జన్మించిరి. ఆమె తల్లి దేవదాసీ కులమునకు చెందినది. ఆ బిడ్డ పుదుక్కోట మహారాజ కళాశాలలో బాలురనడుమ చదివి, మదరాసు వైద్యకళాశాలలో 1912లో పట్టము పొందెను. శాసనసభలో నామె చేసిన ప్రధానకార్యము, బాలికలను దేవాలయములకు సమర్పించు నాచారమును మాన్పుటకు సాగించిన పోరాటము. 1929లో దేవాదాయ చట్టమునకు సవరణ తెప్పించి, దేవదాసీల యినాము భూములను సేవాబంధమునుండి విడిపించి, అవి వారి యనుభవముననే యుండునట్లు చేసిరి. సమర్పణమును పూర్తిగా నిషేధించు చట్టము 1947లో గాని రాలేదు. కులమందలి దురాచారమును కులమున బుట్టినవారే యెత్తిచూపుట యెంత కష్టమో కులసభలలో కూర్చున్న మనకు వేరుగ జెప్పనక్కరలేదు. బయటివాడు చెప్పిన ద్వేషమందురు. లోపలివాడు చెప్పిన ద్రోహమందురు. ఆమె రెండు మాటలను పడిరి.

ఇక్కడ సత్యమును దాచరాదు. ఆ వృత్తిలోనున్న స్త్రీలు కొందరు ఆ ప్రయత్నము నెదిరించిరి. తమ కళను, తమ జీవనాధారమును, తమ గౌరవమును తీసివేయుచున్నారని ప్రభుత్వమునకు వినతిపత్రములు సమర్పించిరి. సంస్కర్తల యుద్దేశము మంచిదే. అయినను ఎవరి బ్రదుకు మారబోవుచున్నదో వారి గొంతుక సంస్కర్తల గొంతుకయంత గట్టిగా వినబడలేదు. మేలుచేయువారు కూడ ఎదుటివారి మాట పూర్తిగా వినవలెనను పాఠమును ఈ చరిత్రము మనకు నేర్పుచున్నది.

అట్లే బాల్యవివాహ నిషేధచట్టము. శారదాచట్టమని ప్రసిద్ధికెక్కిన యీ చట్టము 1929లో నంగీకరింపబడి 1930 ఏప్రిలు 1వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. బాలికకు పదునాలుగేండ్లు, బాలునకు పదునెనిమిదేండ్లు కనీస వయస్సుగా నిర్ణయింపబడినవి. స్త్రీధర్మ పత్రికయు, మహిళాసంఘములును దీనికై యెంతయో ప్రచారము చేసినవి. శాస్త్రములు చెడునని, ధర్మము నశించునని నాడు పలువురు పెద్దలు వాపోయిరి. ధర్మము నశింపలేదు. నేడు బాలికకు కనీసవయస్సు పదునెనిమిదేండ్లు. పదునాలుగేండ్ల పిల్లకు పెండ్లి చేయుడని ఈ సభలో నెవ్వరైన లేచి పలుకగలరా? నాటి యధర్మము నేటి సామాన్యధర్మమైనది. నేడు మనము అధర్మమని బెదరుచున్నవానిలో నేవి రేపటి సామాన్యధర్మములగునో ఆలోచింపవలసియున్నది.

1930 తరువాత ఆ పత్రిక స్వరము కొంత మారినది. స్వాతంత్ర్యోద్యమపు వేడి దానికిని సోకినది. గాంధీమహాత్ముని నిర్బంధించినందుకు నిరసనగా ముత్తులక్ష్మీరెడ్డిగారు 1930లో శాసనసభాసభ్యత్వమును త్యజించిరి. అత్యవసర శాసనములను బహిరంగముగా ఖండించినందుకు 1932లో మార్గరెట్ కజిన్స్ కు కారాగారశిక్ష పడినది. ఆమె వేలూరు చెరసాలలో నుండెను. 1936లో పత్రిక ఆగిపోయినది.

ఈ పత్రిక గొప్పతనమును చెప్పితిని. కొరతను గూడ చెప్పవలెను. 1921 జనాభా లెక్కల ప్రకారము ఈ దేశమున చదువువచ్చిన స్త్రీలు నూటికి ఇద్దరైనను లేరు. అందు ఆంగ్లము వచ్చినవారెందరు? సొంతభాషల భాగమున్నను ప్రధానమైన వాదమంతయు ఆంగ్లముననే నడచినది. అందుచేత దొరతనమువారు చదివిరి, విదేశపు స్త్రీసంఘములవారు చదివిరి, పట్టణములయందలి చదువుకొన్న యిల్లాండ్రు చదివిరి. ఎవరి పక్షమున నా పత్రిక పలికెనో వారిలో నధికసంఖ్యాకులు దాని నెన్నడును ముట్టుకొనియైన యుండరు. మా మేనత్తగారు పుట్టునాటికే ఆ పత్రిక వెలువడుచుండెను. ఆమె కడ కది చేరలేదు. చేరినను చదువలేకపోయెడిది. ఈ కొరతకు ఆ సంపాదకురాండ్రను నిందింప నాకు మనసొప్పదు. వారు శాసనసభ తలుపు తట్టుటకు బయలుదేరిరి. ఆ సభ భాష ఆంగ్లము. కాని ఇంటి తలుపు తట్టవలసినపని మిగిలిపోయినది. ఆ పని మనది.

ఇంటిపేరులోను, భర్తపేరులోను మరుగుపడిన స్త్రీ, చట్టమెంత మంచిదైనను నష్టపోవుననుటకు దృష్టాంతమొకటి చెప్పెదను. 1951-52 సంవత్సరములలో స్వతంత్రభారతమున ప్రథమ సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. ఓటర్ల పట్టికలు తయారుచేయుచుండగా ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పుటకు సమ్మతింపక, ఫలానావాని భార్యననియో, ఫలానావాని తల్లిననియో మాత్రమే చెప్పిరి. పేరులేని యోటరుండరాదని యెన్నికల యధికారులు వారి నమోదులను తొలగించిరి. అట్లు తొలగింపబడినవారు సుమారు 28 లక్షలమంది. రాజ్యాంగమిచ్చిన హక్కు ఒక పేరు చెప్పనందున పోయినది! భార్యయను హోదాచేత వచ్చు ఓటు వలదని 1931లో స్త్రీలేల పట్టుపట్టిరో దీనినిబట్టి తెలియుచున్నది.

ఆస్తి విషయమునను చట్టములు వచ్చినవి. 1956లో హిందూ వారసత్వచట్టము తండ్రి సొంత యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానభాగమిచ్చినది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును పుట్టుకతో హక్కు గలదని మన ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు చట్టము చేసినది. అయితే అప్పటికి వివాహము కానివారికి మాత్రమే. 2005లో దేశమంతటికిని, వివాహితలకును ఆ హక్కు వచ్చినది. 2020లో సర్వోన్నత న్యాయస్థానము ఆ హక్కు పుట్టుకతోనే వచ్చునని స్పష్టపరచినది. చట్టపుస్తకమున లోపము లేదు. అయినను పంపకములనాడు మన యిండ్లలో జరుగుచున్న దేమి? అక్కచెల్లెండ్రను పిలిపింతురు, పట్టుచీర పెట్టుదురు, పత్రము ముందుంచుదురు. నాడు సంతకము నేర్పవలసివచ్చినది; నేడు పట్టభద్రురాండ్రగుటచే ఆ శ్రమయు లేదు. ప్రేమతో తన భాగమును తోబుట్టువున కిచ్చు స్త్రీకి నేను చేతులెత్తి నమస్కరింతును. కాని ఇయ్యనన్నచో పుట్టింటి గడప మూసికొనిపోవునను భయముతో ఇచ్చునది దానమెట్లగును?

ఈ సభలో దాతలున్నారు, పెద్దమనుష్యులున్నారు, బాలికల వసతిగృహమునకు గదులు కట్టించిన పుణ్యాత్ములున్నారు. వారి యెడల నాకు గల గౌరవముచేతనే నాలుగు విన్నపములు చేయ సాహసించుచున్నాను.

మొదటిది: మన సంచికయందలి దాతల పట్టికలో "ఫలానావారి ధర్మపత్ని" యని యచ్చువేయుట మాని, విరాళమిచ్చిన స్త్రీ పేరును ఆమె పేరుగానే అచ్చువేయుడు. దీనికి ఖర్చేమియు లేదు. నాలుగక్షరముల చోటు చాలును.

రెండవది: మన సంఘపత్రికలో స్త్రీలకు కొన్ని పుటలిచ్చి, వానిని స్త్రీల సంపాదకత్వముననే నడుపుడు, అందులకు వలయు ధనమును ఏటేట నిర్ణయించి ముందుగనే వారి చేతికిండు. వంటలును వ్రతములును మాత్రమే వ్రాయుడని నియమము పెట్టవలదు. చదువురాని వృద్ధస్త్రీలు చెప్పినదానిని వసతిగృహ బాలికలు వ్రాసికొని, మరల వారికి చదివి వినిపించి, వారి పేరనే ప్రకటింపవచ్చును. స్త్రీధర్మ పత్రిక చేరలేకపోయినచోటికి మనమిట్లు చేరగలము.

మూడవది: పంపకములకు మధ్యవర్తులుగా వెళ్లు మన పెద్దలు, విడుదలపత్రమును ఆడుపడుచుకు తెలుగున ఆద్యంతము చదివి వినిపింపనిదే, ఆ భాగము విలువ యెంతయో చెప్పనిదే, ఆలోచించుకొనుటకు ఒక మాసమైన గడువీయనిదే తాము సాక్షిసంతకము చేయమని ఈ సభయందు మాటయిండు. ఇయ్యవలదనుట లేదు, తెలిసి ఇయ్యనిండు.

నాలుగవది: మన సంఘపు పాత సంచికలను, మన యిండ్ల అటుకలమీద పడియున్న పాత స్త్రీపత్రికలను సేకరించి, బైండు కట్టించి, వసతిగృహ గ్రంథాలయమున నుంచుడు. తమ ముత్తవ్వలేమి యడిగిరో తెలియని మనుమరాండ్రు అన్నిటిని మొదటినుండి మరల అడుగవలసివచ్చును.

స్త్రీధర్మ పత్రిక పదునెనిమిదేండ్లే నడచినది. కాని ధర్మమను మాటను స్త్రీకి విధించువారు వేరు, ఆచరించునది ఆమె యను పాతపద్ధతిని అది ప్రశ్నించినది. తన ధర్మమేదో తానాలోచించి, తానే వ్రాసి, దానిక్రింద తన పేరు తానే పెట్టవలెనని నేర్పినది. కులసభకు ఇంతకంటె మంచి పాఠమేమున్నది? కులగౌరవమనగా ఆడుపడుచు వేలిముద్ర కనబడకుండుట కాదు; ఆమె సంతకమునకు విలువ యుండుట.

మా మేనత్తగారు పత్రము వ్రాసియిచ్చి వెళ్లిన కొన్ని మాసములకు నేను వారి యూరికి బోయితిని. పాలలెక్కలు వ్రాసికొను పుస్తకమొకటి వంటింటి గూటిలో నుండెను. దానిని త్రిప్పి చూచితిని. వెనుకవైపు పుటలన్నియు ఆమె నాలుగక్షరములే. ఎవరును వ్రాయుమనకయే, ఎవరికిని ఇచ్చుటకు గాకయే, ఆమె తన పేరు వ్రాసికొనుచుండెను. తరువాత వచ్చిన యక్షరములు మొదటి వానికంటె గుండ్రముగా, నిలుకడగా నున్నవి. ఇంకను నేర్పుమని యామె నన్నడిగెను. నాకు సెలవులు రెండు దినములే. మరల వచ్చినపుడు నేర్పెదనంటిని. నేర్పలేదు.

ఆ బాకీని తీర్చుటకే నేడీ వేదికమీద నిలిచితిని. నా మాటలలో కటువేమైన నున్నచో పెద్దలు మన్నింతురుగాక.